నల్లమల దాటని ఐదుగురు

2009 సెప్టెంబర్ 2, బుధవారం. పొద్దున 8 గంటల 38 నిమిషాలకు బేగంపేట నుంచి బెల్ 430 రకం హెలికాప్టర్ ఒకటి దక్షిణంగా లేచింది. లోపల ఐదుగురు. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ఆయన కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యం, ముఖ్య భద్రతాధికారి ఏ.ఎస్.సి. వెస్లీ, ముందు సీట్లలో గ్రూప్ కెప్టెన్ ఎస్.కె. భాటియా, కెప్టెన్ ఎం.ఎస్. రెడ్డి. పోవాల్సింది మా చిత్తూరు జిల్లాకు. అనుపల్లి అనే పల్లెలో ఆ రోజు రచ్చబండ మొదలు. అధికారులు ఫైళ్లు సర్దుకున్నారు, జనం అర్జీలు మడిచి పట్టుకున్నారు.

ఆ హెలికాప్టర్ 49 నిమిషాలు ఎగిరింది. దారిలో సగం కూడా కాలేదు.

శ్రీశైలం నుంచి తిరుమల దాకా సాగే కొండల వరసను మన పెద్దలు ఆదిశేషుడి ఒళ్లు అన్నారు. పడగ మీద వెంకన్న, నడుము దగ్గర అహోబిలం నరసింహుడు, తోక చివర మల్లన్న. మ్యాపు ముందేసుకుని బేగంపేట నుంచి చిత్తూరుకు స్కేలు పెట్టి గీత గీసి చూడండి. శ్రీశైలానికి కాస్త పడమరగా కృష్ణ దాటి, నల్లమలలోకి దిగి, అహోబిలం పక్కనే సాగి, తిరుమల కొండలను ఎడమ చేతికి వదిలి చిత్తూరు చేరుతుంది. అంటే ఆ ఐదుగురూ పాము వెంట తోక నుంచి తల వైపు బయల్దేరారు. తోకకూ నడుముకూ నడుమ, ఆత్మకూరు అడవుల్లో పావురాల గుట్ట దగ్గర ఆగిపోయారు.

అక్కడ ఊళ్లు లేవు, దారులు లేవు. పులులకు వదిలేసిన అడవి. చెంచులు తప్ప దాని లోపలి మలుపులు తెలిసినవాళ్లు తక్కువ.

ఆ ఏడు వాన కోసం మొహం వాచి ఉన్నాం. 2009 నైరుతి రుతుపవనాలు దేశమంతటినీ ఏడిపించాయి. అంత కరువు 1972 తర్వాత మళ్లీ అప్పుడే. రాయలసీమ సంగతి చెప్పనే అక్కర్లేదు, వేరుసెనగ విత్తనం చేతిలో పట్టుకుని ఆకాశం చూడటం ఇక్కడి రైతుకు వంశపారంపర్యంగా వచ్చిన పని. ఆగస్టు చివర్లో మబ్బులు కమ్మాయి. ఇన్నాళ్లకు వచ్చాయని అందరం సంతోషించిన మబ్బులే అవి. సెప్టెంబర్ 2 పొద్దున నల్లమల మీద నిలబడింది వాటిలోదే ఒకటి.

రాజశేఖరరెడ్డి అంతకు మూడున్నర నెలల ముందే రెండోసారి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. 2003 ఎండాకాలంలో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా దాదాపు 1,500 కిలోమీటర్లు నడిచి, ఆ నడకతో 2004లో అధికారం తెచ్చుకున్న మనిషి. 2009లో గెలుపు చిన్నదైంది, 294లో 156 సీట్లు. పథకాలు జనానికి ఎంతవరకు అందుతున్నాయో ముందు చెప్పకుండా ఊళ్లలోకి దిగి తానే చూస్తానన్నారు. రచ్చబండ అంటే అదే. ఆయన రాజకీయం నచ్చినవాళ్లూ ఉన్నారు, మండిపడ్డవాళ్లూ ఉన్నారు. ఆ తూకం వేసే చోటు ఇది కాదు. ఊరి మధ్య చెట్టు కింద కూర్చుని ప్రజల నోటి నుంచి తిట్టయినా పొగడ్తయినా వినాలనుకున్న ముఖ్యమంత్రి, వానలో బయల్దేరాడు. అంతవరకే ఇక్కడికి కావాలి.

తర్వాత జరిగింది మనకు కొంత తెలుసు. విమానయాన శాఖ ఆర్.కె. త్యాగి అధ్యక్షతన వేసిన కమిటీ, కాలిపోయిన శిథిలాల్లో దొరికిన కాక్‌పిట్ మాటల రికార్డును విని, నివేదిక రాసింది. అది చదివినవాళ్లకు ఆ చివరి నిమిషాలు రాత్రిపూట నిద్ర పట్టనివ్వవు.

పైలట్ల ముందు వాతావరణ రాడార్ ఉంది. వాన తక్కువున్న చోట పచ్చగా, పెరిగేకొద్దీ పసుపుగా, భారీగా ఉన్నచోట ఎర్రగా చూపిస్తుంది. వాళ్లకు ఎరుపు కనిపించింది. వాన గురించి ఇద్దరూ మాట్లాడుకున్నారు కూడా. అయినా చిత్తూరుకు తిన్నగా పోయే దారినే పట్టుకున్నారు. కృష్ణ దాటిన కాసేపటికి, గేర్‌బాక్సులో ఆయిల్ ప్రెషర్‌కు సంబంధించిన హెచ్చరిక వచ్చింది. హెలికాప్టర్‌లో గేర్‌బాక్సు అంటే ప్రాణం. ఇంజిన్ల బలాన్ని పైన తిరిగే రెక్కలకు అందించేది అదే. హెచ్చరిక నిజమైతే వెంటనే దిగాలి. దిగడానికి కింద అడవి.

అత్యవసర సూచనల పుస్తకం తీశారు. కావాల్సిన పేజీ దొరకలేదు. ఆరు నిమిషాలకు పైగా ఆ వెతుకులాట సాగిందని కమిటీ లెక్క తేల్చింది. గంటకు రెండు వందల కిలోమీటర్లకు పైగా వేగంతో పోయే యంత్రానికి ఆరు నిమిషాలంటే ఇరవై కిలోమీటర్లు. ఆ ఇరవై కిలోమీటర్లూ ఎర్ర మబ్బు దగ్గరవుతూనే ఉంది. తలలు పుస్తకంలో ఉన్నాయి.

వాళ్లను తప్పుపట్టడం ఎంత సులువో! ఏసీ గదిలో నివేదిక తిప్పుతూ, అయ్యో, తల ఎత్తి ఒక్కసారి చూసి ఉంటే అనుకోవచ్చు. కానీ కళ్లెదుట వెలిగిన హెచ్చరికను చూడనట్టు ఊరుకునే పైలట్ కూడా మంచి పైలట్ కాడు. చిన్న ప్రమాదం ముందు పిలిచింది, దానికి పలికారు. పెద్దది పిలవకుండానే వచ్చింది. చదివిన ప్రతిసారీ నాకు ఆ ఇద్దరి మీద కోపం కంటే జాలే ఎక్కువ కలుగుతుంది. వెనక కూర్చున్నది రాష్ట్ర ముఖ్యమంత్రి, చిత్తూరులో జనం ఎదురుచూస్తున్నారు, అలాంటప్పుడు వెనక్కి తిప్పుదామా అన్న మాట నోట్లోంచి రావడానికి ఎంత బలం కావాలో ఉద్యోగం చేసిన ఎవరికైనా తెలుసు. ఆ పొద్దున ఎవరైనా వాళ్లను తొందరపెట్టారని నేననడం లేదు. తొందరపెట్టేవాడు ఉండక్కర్లేదు, వెనక సీటే చాలు.

మబ్బులో ఉండే అసలు ప్రమాదాన్ని రాడార్ చూడలేదు. అది నీటి బొట్టును చూస్తుంది, గాలిని చూడదు. ఉరుముల మబ్బు కడుపులో వాన బరువెక్కి కిందికి జారేటప్పుడు చుట్టూ ఉన్న గాలిని కూడా లాక్కుపోతుంది. పక్కనుంచి పొడిగాలి వచ్చి కలిస్తే కొన్ని బొట్లు ఆవిరైపోతాయి. ఆవిరైనప్పుడు గాలి చల్లబడుతుంది, చల్లబడితే బరువెక్కుతుంది, బరువెక్కితే ఇంకా వేగంగా పడుతుంది. కొంత పైనుంచి మొదలైన గాలి కిందికొచ్చేసరికి జలపాతం. హెలికాప్టర్ నిలబడేదే గాలిని కిందికి తోసి. ఆ గాలే మొత్తం కిందికి పోతుంటే ఇంక దేన్ని ఆసరా చేసుకుని పైకి లేస్తుంది? ఇంజిన్ పూర్తి బలంతో పనిచేస్తూనే యంత్రం నేల వైపు పడిపోతుంది.

ఇలాంటి గాలి ఉందని విమానయాన లోకం ఒప్పుకోవడానికే చాలా కాలం పట్టింది. 1975లో న్యూయార్క్‌లో దిగబోతున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం కూలి వందమందికి పైగా చనిపోయినప్పుడు, జపాన్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన టెట్సుయా ఫుజిటా అనే వాతావరణ శాస్త్రవేత్త, నేల మీద చెట్లు ఒరిగిన తీరును గుర్తు చేసుకుని, మబ్బులోంచి దూకిన గాలే విమానాన్ని పడేసిందన్నాడు. తోటి శాస్త్రవేత్తలే చాలామంది నమ్మలేదు. 1985లో డాలస్ దగ్గర డెల్టా విమానం అలాగే కూలాకగానీ విమానాశ్రయాల్లో, విమానాల్లో ఆ గాలిని పసిగట్టే పరికరాలు జోరుగా రాలేదు. అవి కూడా ఎక్కువగా రన్‌వేల దగ్గర. అడవి మీద పోయే హెలికాప్టర్‌కు అలాంటి కాపలా లేదు.

9 గంటల 27 నిమిషాల ప్రాంతంలో ఆ గాలి వాళ్లను పట్టుకుంది. చివరి క్షణాల్లో రికార్డులో వినిపించింది, గో అరౌండ్, గో అరౌండ్ అని కో-పైలట్ అరుపు. పైకి లేపి తిప్పేయమని. లేవడానికి ఎత్తు మిగల్లేదు. కూలడానికి కారణం యంత్రం చెడటం కాదనీ, తీవ్రమైన కిందిగాలిలో చిక్కుకుని అదుపు తప్పిందనీ, కుట్ర ఆనవాళ్లేమీ లేవనీ కమిటీ చెప్పింది. దిగులు పుట్టించిన ఆ ఆయిల్ హెచ్చరిక వాళ్లను చంపలేదు. అది వాళ్ల చూపును మాత్రం తీసుకుపోయింది.

చిత్తూరులో ఆ పొద్దున ఎవరికీ ఏమీ తెలీదు. పదిన్నర దాటింది, పదకొండు దాటింది. హెలికాప్టర్ ఆచూకీ లేదన్న వార్త టీవీల్లో మొదలైంది. ఒక దశలో సురక్షితంగా దిగారట, రోడ్డు మార్గాన వస్తున్నారట అని కూడా అన్నారు. జనం దాన్నే పట్టుకున్నారు. రోడ్డున వస్తే కర్నూలు దాటేసరికి ఎంతవుతుంది, కడప దాటేసరికి ఎంతవుతుంది, రాయచోటి మీదుగా వస్తారా, తిరుపతి మీదుగానా అని గంటలు లెక్కపెట్టుకున్నారు. పాదయాత్ర చేసిన మనిషి, అడవిలో దిగినా నడిచొచ్చేస్తాడు అన్నమాట ఆ రోజు సీమలో వినని బస్టాండు ఉండదు. సాయంత్రమైంది. చీకటి పడింది. నల్లమలలో వాన తగ్గలేదు.

వైమానిక దళం హెలికాప్టర్లు వెతికాయి. చీకట్లో నేలను చూడగల రాడార్‌తో సుఖోయ్ యుద్ధవిమానం తిరిగింది. ఇస్రో విమానం ఫొటోలు తీసింది. కింద పోలీసు దళాలు, సీఆర్‌పీఎఫ్ జవాన్లు, చెంచులు, ఊళ్ల నుంచి తమంతట తాము కదిలిన జనం. దేశంలో అంతకు ముందు ఒక్క హెలికాప్టర్ కోసం ఇంత వెతుకులాట జరిగి ఉండదు. మర్నాడు పొద్దున పావురాల గుట్ట మీద చెట్ల నడుమ శకలాలు కనిపించాయి. కమాండోలను తాళ్లతో దించారు. దేహాలు గుర్తుపట్టే స్థితిలో లేవు. ఆయన వయసు అరవై. సెప్టెంబర్ 4న ఇడుపులపాయలో పూడ్చిపెట్టారు.

ఆ తర్వాతి వారాల్లో రాష్ట్రం ఏడ్చిన ఏడుపు గురించి చాలామంది రాశారు. టీవీ ముందే గుండె ఆగినవాళ్లు, ఉరేసుకున్నవాళ్లు. ఆ ఇళ్లను పలకరించడానికి రాజశేఖరరెడ్డి కొడుకు మొదలుపెట్టిన ఓదార్పు యాత్ర ఒక కొత్త పార్టీకి దారితీసింది. చదువుకున్న వాళ్లు కూడా గాలి చంపిందంటే నమ్మలేకపోయారు. 2010 జనవరి మొదట్లో, ఏదో విదేశీ వెబ్‌సైటు రాతను పట్టుకుని కొన్ని చానళ్లు కుట్ర కథ నడిపితే, ఆ రాత్రే జనం రోడ్డెక్కి ఒక వ్యాపార సంస్థ దుకాణాల మీద పడ్డారు. తప్పే. అయినా ఆ ఆక్రోశం వెనక ఉన్నదేమిటో మా ఊరివాళ్లకు తెలుసు. 2003 అక్టోబర్ 1న అలిపిరిలో, తిరుమల మెట్ల మొదట్లో, అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడి కాన్వాయ్ మీద మందుపాతరలు పేలాయి. ఆయన బతికి బయటపడ్డారు. పేల్చినవాళ్లెవరో తెలిసింది, కేసులు నడిచాయి, కోపానికి ఒక దిక్కు దొరికింది. ఇక్కడ దోషి బోనెక్కదు. మబ్బు కరిగిపోయింది. శాస్త్రవేత్తలకే పదేళ్లు పట్టిన మాటను, తండ్రి పోయాడనుకుని ఏడుస్తున్న జనం నాలుగు నెలల్లో ఎలా మింగుతారు?

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది మిగతా నలుగురి గురించి.

ఏటా సెప్టెంబర్ 2న పేపర్లు నిండా ఒకే బొమ్మ. నల్లకాలువ దగ్గర స్మృతివనం ఉంది, ఊరూరా విగ్రహాలున్నాయి. సుబ్రహ్మణ్యం, వెస్లీ, భాటియా, రెడ్డి అన్న పేర్లు వరసగా చెప్పగలిగినవాళ్లు వందలో ఒకరుంటే గొప్ప. ఇది కొత్తేం కాదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. ఆయనతో పాటు పైలట్, అంగరక్షకుడు పోయారు. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరు నుంచి ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయల్దేరిన నటి సౌందర్య చిన్న విమానం లేచిన వెంటనే కాలిపోయింది. ఆ రెండింటి పైలట్ల పేర్లు అడిగితే నోరు వెళ్లబెడతాం. వాళ్లకు ఎక్కడికీ పోవాల్సిన పని లేదు. ఇంకొకరికి ఉన్న పని కోసం ఎక్కారు.

గాలి కూడా అలా పని మీద ఎక్కినవాళ్లనే ఎంచుకుంటుంది. పెద్ద విమానాల్లో చూడండి. విమానం కుదుపులకు లోనైనప్పుడు ప్రయాణికులు బెల్టులు పెట్టుకుని కూర్చుంటారు. ట్రాలీ పట్టుకుని నడవలో నిలబడి ఉండేది ఎయిర్ హోస్టెస్. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ లెక్కలో 2009 నుంచి 2022 వరకు కుదుపుల వల్ల తీవ్రంగా గాయపడ్డవాళ్లు 163 మంది. అందులో ప్రయాణికులు 34 మంది, సిబ్బంది 129 మంది. విమానంలో ప్రయాణికులు నూటయాభై మంది ఉంటే సిబ్బంది నలుగురో ఐదుగురో ఉంటారు. అయినా గాయాల్లో ముప్పాతిక కంటే ఎక్కువ వాటా వాళ్లదే. నడుములు, చీలమండలు, మెడలు. నిండా సరుకున్న ట్రాలీ గాల్లోకి లేచి మీద పడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. 2022 మే 1న ముంబయి నుంచి దుర్గాపూర్ వెళ్లిన స్పైస్‌జెట్ విమానంలో 14 మంది ప్రయాణికులతో పాటు ముగ్గురు సిబ్బంది గాయపడ్డారు. 2024 మే 21న మయన్మార్ మీద సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం ఐదు సెకన్లు కూడా గడవకముందే 178 అడుగులు జారింది. బెల్టు లేనివాళ్లు ఎగిరి కప్పుకు కొట్టుకున్నారు, ఒకరు చనిపోయారు. ఆ తర్వాతే ఆ సంస్థ, సీటు బెల్టు లైటు వెలిగితే వేడి పానీయాలతో పాటు భోజనం వడ్డించడం కూడా ఆపి సిబ్బంది కూర్చోవాలని మార్పు చేసింది.

హైదరాబాద్ నుంచి రేణిగుంటకు విమానం గంట ప్రయాణం. కింద అవే కొండలు. ఆ గంటలో లేవడానికీ దిగడానికీ పోగా మిగిలిన కాస్త సేపట్లో, సిబ్బంది నీళ్లిచ్చి, ఉప్మా డబ్బాలిచ్చి, ఖాళీ కప్పులు ఏరుకుని మళ్లీ సీట్లలో పడాలి. వానాకాలంలో నల్లమల మీద విమానం ఊగుతుంటే గోవిందా గోవిందా అంటాం. అప్పుడు కూడా ఒకమ్మాయి ఒక చేత్తో సీటు పట్టుకుని, రెండో చేత్తో మన పక్కింటి ముసలాయన బెల్టు బిగిస్తూ ఉంటుంది. టీ ఇంకా రాలేదేమని విసుక్కునేవాళ్లనూ నేను చూశాను.

ఆ హెలికాప్టర్ కూలిన సరిగ్గా నెలకు, 2009 అక్టోబర్ 2న, కర్నూలు మునిగింది. కరువు కరువన్న ఏడాదిలోనే శ్రీశైలానికి చరిత్రలో చూడనంత వరద వచ్చి, తుంగభద్ర నగరం మీదికి ఎక్కింది, మంత్రాలయం నీళ్లలో నిలబడింది. కొత్త ముఖ్యమంత్రి కె. రోశయ్యకు ఊపిరాడలేదు. ఆ వెనకే తెలంగాణ ఉద్యమం ఎగిసింది. 2014లో రాష్ట్రం రెండయింది, 2009లో 156 సీట్లు గెలిచిన పార్టీకి మిగిలిన ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క సీటూ రాలేదు.

రచ్చబండ మాత్రం జరిగింది. 2010 నవంబర్‌లో రోశయ్య స్థానంలో వచ్చిన ఎన్. కిరణ్‌కుమార్‌రెడ్డి మా జిల్లా మనిషి, అప్పటి పీలేరు ఎమ్మెల్యే. 2011 జనవరిలో ఆ కార్యక్రమాన్ని రాష్ట్రమంతటా మొదలుపెట్టారు. రేషన్ కార్డులు, పింఛన్లు, ఇళ్లకు అర్జీలు మళ్లీ రాశారు, మళ్లీ వరసలో నిలబడ్డారు. చాలామంది అర్జీల్లో అడిగింది 2009లో అడగాలనుకున్నదే.